రాజధాని తరలవచ్చు, జకార్తా తరలగలదా?

ప్రపంచంలో అత్యధిక జనాభా కలిగిన నగరం ఏది అన్న ప్రశ్నకు దశాబ్దాల పాటు టోక్యో అన్నదే సమాధానంగా ఉండేది. 2025 నవంబరులో ఐక్యరాజ్య సమితి విడుదల చేసిన నగర జనాభా అంచనాలు ఆ సమాధానాన్ని మార్చివేశాయి. దాదాపు 4.2 కోట్ల జనాభాతో ఇండోనేషియాకు చెందిన జకార్తా ప్రథమ స్థానాన్ని ఆక్రమించగా, 3.7 కోట్లకు చేరువలో ఉన్న బంగ్లాదేశ్ రాజధాని ఢాకా ద్వితీయ స్థానంలో నిలిచింది. సుమారు 3.3 కోట్లతో టోక్యో మూడో స్థానానికి దిగింది. విశేషమేమంటే, ఏ నగరానికి ఈ అగ్రస్థానం దక్కిందో ఆ నగరం నుంచి రాజధానిని తరలించాలని ఆ దేశ ప్రభుత్వం అంతకు ఆరేళ్ల ముందే, 2019లోనే నిర్ణయించుకుంది.

అందుకు ప్రభుత్వం చూపిన కారణాలు అనేకం. వాహనాల రద్దీ, వాయు కాలుష్యం, వరదలు, దేశ సంపద అంతా జావా దీవిలోనే పోగుపడడం వాటిలో కొన్ని. అయితే ప్రపంచ దృష్టిని ఆకర్షించిన కారణం మాత్రం ఒక్కటే. జకార్తా నేలలోకి కుంగిపోతోంది. ఉత్తర భాగంలోని కొన్ని ప్రాంతాలు పదేళ్ల వ్యవధిలో రెండున్నర మీటర్ల మేరకు దిగిపోయాయని బాండుంగ్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు లెక్కకట్టారు. నగర విస్తీర్ణంలో దాదాపు 40 శాతం ఇప్పుడు సముద్ర మట్టానికి దిగువన ఉన్నట్లు అంచనా.

రాజధాని హోదాను ఒక చట్టంతో మరో చోటికి మార్చవచ్చు. నాలుగు కోట్ల మందిని ఏ చట్టమూ తరలించలేదు. మంత్రులు, కార్యదర్శులు వెళ్లిపోయిన తరువాత కూడా ఆ నేలపైనే, ఆ నీటి మధ్యనే బతకవలసిన ప్రజల సంగతి ఏమిటన్నది జకార్తా ముందున్న అసలు ప్రశ్న.

ఒక నగరం, ఐదు పట్టణాలు

జనాభా లెక్కల విషయంలో కొంత వివరణ అవసరం. పరిపాలనపరంగా జకార్తా అంటే సుమారు 660 చదరపు కిలోమీటర్ల ప్రాంతం మాత్రమే. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ పరిధిలో నివసించేవారు 1.05 కోట్ల మంది. కానీ నగరం ఆ సరిహద్దుల వద్ద ఆగిపోలేదు. దక్షిణాన దెపోక్, బొగోర్, పడమట తంగెరాంగ్, తూర్పున బెకాసి పట్టణాలు దానితో కలిసిపోయి, ఎక్కడ ఒకటి ముగిసి మరొకటి మొదలవుతుందో తెలియని స్థితి ఏర్పడింది. ఈ ఐదింటి పేర్లలోని తొలి అక్షరాలను కూర్చి స్థానికులు ఈ ప్రాంతాన్ని 'జబొదెతాబెక్' అని వ్యవహరిస్తారు. సమితి ఈసారి పరిపాలనా సరిహద్దులను పక్కన పెట్టి, ఎడతెగకుండా సాగిన జనావాసాన్ని ఒకే నగరంగా లెక్కించింది. 2018 నాటి నివేదికలో 33వ స్థానంలో ఉన్న జకార్తా ఒక్కసారిగా మొదటి స్థానానికి రావడానికి ఈ లెక్కింపు పద్ధతిలో వచ్చిన మార్పే ప్రధాన కారణం.

ఈ నగరాన్ని కలిగి ఉన్న జావా దీవి విస్తీర్ణంలో నేటి ఆంధ్రప్రదేశ్ కన్నా చిన్నది. అయినా ఇండోనేషియా జనాభాలో సగానికి పైగా, అంటే 15 కోట్ల మంది ఆ ఒక్క దీవిలోనే ఉన్నారు. దేశ స్థూలోత్పత్తిలో సగానికి మించి జావాదే కాగా, ఒక్క జకార్తా వాటా దాదాపు ఆరో వంతు. దేశంలోకెల్లా రద్దీ అయిన తాంజుంగ్ ప్రియోక్ రేవు నగర ఉత్తర తీరంలోనే ఉంది. ఆగ్నేయాసియా దేశాల కూటమి 'ఆసియాన్' ప్రధాన కార్యాలయం కూడా జకార్తాలోనే ఉంది.

కాలువతో మొదలైన చరిత్ర

దక్షిణాన కొండల్లో పుట్టిన 13 నదులు, వాగులు జకార్తా మీదుగా ఉత్తరాన జావా సముద్రంలో కలుస్తాయి. వాటిలో పేరొందినది చిలివుంగ్ నది. ఈ నదులు మోసుకొచ్చిన ఒండ్రు మట్టి వేల ఏళ్లుగా పేరుకొని ఏర్పడిన మైదానం మీదనే నగరం నిలబడి ఉంది. కనుక నీటితో తగవు ఇక్కడ కొత్తది కాదు.

ఉత్తర జకార్తాలోని తుగు అనే చోట లభించిన ఒక శాసనం ఈ సందర్భంలో పేర్కొనదగినది. ఐదో శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన తారుమానగర రాజు పూర్ణవర్మ వేయించిన ఆ శాసనం సంస్కృత భాషలో, పల్లవ లిపిలో ఉంది. రాజు తన పాలన 22వ సంవత్సరంలో గోమతి అనే కాలువను 6,122 ధనువుల పొడవున 21 రోజుల్లో తవ్వించాడని, ఆ సందర్భంగా బ్రాహ్మణులకు వేయి గోవులను దానం చేశాడని అందులో ఉంది. ఈ ప్రాంతపు తొలి లిఖిత ఆధారాల్లో ఒకటైన ఈ శాసనం చెబుతున్నది యుద్ధ విజయం గురించి కాకుండా నీటిని దారికి తెచ్చిన పని గురించి కావడం గమనార్హం.

తరువాతి కాలంలో ఇక్కడ సుంద కెలాప అనే రేవు వెలిసింది. 1527లో ఆ రేవును జయించిన ముస్లిం సేనాని ఫతహిల్లా దానికి జయకార్త అని పేరు పెట్టాడు. ఆ పేరులోని సంస్కృత మూలం మనకు సుపరిచితమే. నగర అవతరణ దినోత్సవాన్ని నేటికీ జూన్ 22న జరుపుకొంటారు.

1619లో డచ్చి ఈస్టిండియా కంపెనీ తరఫున యాన్ పీటర్స్‌జూన్ కోయెన్ ఈ పట్టణాన్ని నేలమట్టం చేసి, దాని స్థానంలో బటావియాను నిర్మించాడు. ఇక్కడ తెలుగు తీరానికి కూడా కొంత ప్రమేయం ఉంది. మచిలీపట్నం, భీమునిపట్నంలలో వర్తక స్థావరాలు నెలకొల్పుకొన్న డచ్చివారు కోరమండల్ తీరపు నూలు బట్టలను బటావియాకు చేరవేసి, తూర్పు దీవుల్లో లవంగాలు, జాజికాయల వంటి సుగంధ ద్రవ్యాలకు మారకంగా ఇచ్చేవారు. వారిని మనవారు వలందులు అని పిలిచేవారు. మచిలీపట్నంలోని వలందపాలెం పేరు ఆ కాలపు జ్ఞాపకమే.

డచ్చివారు తమ స్వదేశంలోని నగరాల నమూనాలో బటావియా నిండా కాలువలు తవ్వారు. ఉష్ణ ప్రాంతంలో ఆ నమూనా వికటించింది. కాలువలు ఒండ్రుతో పూడిపోయి నీరు నిలవడంతో పద్దెనిమిదో శతాబ్దంలో నగరం రోగాలకు నిలయమైంది. 1740లో చీనీయులపై జరిగిన మారణకాండలో వేల మంది హతులయ్యారు. 1808లో గవర్నర్ జనరల్‌గా వచ్చిన డాండెల్స్ పాత కోటను, ప్రాకారాలను పడగొట్టించి, పరిపాలనా కేంద్రాన్ని తీరానికి దూరంగా, దక్షిణాన మెరకపై ఉన్న వెల్టెవ్రెడెన్‌కు మార్చాడు. రెండు శతాబ్దాల క్రితమే జకార్తా పాలకులు ఒకసారి నీటికి వెరచి వెనక్కు జరిగారన్న మాట. వారు వెళ్లిన తరువాత పాత బటావియాలో మిగిలినవారు పేదలే.

స్మారకాల రాజధాని

1942లో జపాన్ ఆక్రమణతో డచ్చి పాలన అంతరించి, బటావియా మళ్లీ జకార్తా అయింది. 1945 ఆగస్టు 17న పెగాంగ్‌సాన్ తిమూర్ వీధిలోని తన నివాసం ముందు సుకార్ణో స్వాతంత్ర్య ప్రకటన చదివారు. ఆ ప్రకటనను డచ్చివారు గుర్తించడానికి నాలుగేళ్ల పోరాటం అవసరమైంది. 1947లో డచ్చి దిగ్బంధాన్ని దాటి ఇండోనేషియా నాయకుడు సుతాన్ స్యారిర్‌ను విమానంలో భారత్‌కు చేర్చినవాడు ఒరిస్సాకు చెందిన బిజూ పట్నాయక్. 1950 జనవరి 26న మన తొలి గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చినవారు సుకార్ణో.

కొత్త దేశానికి దీటైన రాజధాని ఉండాలని సుకార్ణో ఆకాంక్షించారు. 1962 ఆసియా క్రీడల కోసం భారీ స్టేడియం, ఇండోనేషియా హోటల్ వెలిశాయి. 132 మీటర్ల జాతీయ స్మారక స్తంభానికి, ఇస్తిఖ్లాల్ మసీదుకు 1961లోనే పునాదులు పడినా, స్తంభం 1975లో, మసీదు 1978లో ప్రారంభమయ్యాయి. ఆగ్నేయాసియాలోనే అతి పెద్దదిగా పేరొందిన ఆ మసీదుకు రూపకల్పన చేసినవాడు ఫ్రెడరిక్ సిలబాన్ అనే క్రైస్తవుడు. వీధి కటూ ఇటూ మసీదు, క్రైస్తవ ప్రధాన దేవాలయం ఎదురెదురుగా ఉంటాయి. స్మారక స్తంభానికి చేరువలోని కూడలిలో రథంపై అర్జునుడు, సారథిగా శ్రీకృష్ణుడు కొలువుదీరిన శిల్పం ఉంది. 1987లో దాన్ని మలచిన బాలి శిల్పి న్యోమన్ నువార్తాయే మూడు దశాబ్దాల తరువాత కొత్త రాజధానిలోని గరుడాకార అధ్యక్ష భవనానికీ రూపశిల్పి అయ్యాడు.

1967లో అధికార పగ్గాలు చేపట్టిన సుహార్తో హయాంలో పరిశ్రమలు, విదేశీ పెట్టుబడులు, ఆకాశహర్మ్యాలు వచ్చాయి. వాటితో పాటే పల్లెల నుంచి వలసలు పెరిగాయి. 1997లో ఆసియాను కుదిపిన ఆర్థిక సంక్షోభం ఈ వైభవపు డొల్లతనాన్ని బయటపెట్టింది. సంక్షోభానికి ముందు డాలరుకు 2,500 లోపే ఉన్న రూపయ్య విలువ 1998లో ఒక దశలో 16,000 దాటి పతనమైంది. ఆ ఏడాది దేశ ఆర్థిక వ్యవస్థ 13 శాతం కుంచించుకుపోయింది. మే 12న త్రిశక్తి విశ్వవిద్యాలయ విద్యార్థులు నలుగురు కాల్పుల్లో మరణించగా, ఆ వెంటనే చెలరేగిన అల్లర్లలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మే 21న సుహార్తో గద్దె దిగారు.

నేల ఎందుకు కుంగుతోంది?

జకార్తా మునక గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా భూతాపాన్ని, పెరుగుతున్న సముద్ర మట్టాన్ని ప్రస్తావించడం పరిపాటి. సముద్ర మట్టం పెరుగుతున్న మాట నిజమే. కానీ ఆ పెరుగుదల ఏడాదికి మిల్లీమీటర్లలో ఉండగా, జకార్తా నేల కుంగుబాటు సెంటీమీటర్లలో ఉంది. నగరంలో అనేక చోట్ల అది ఏటా ఒకటి నుంచి 15 సెంటీమీటర్ల వరకూ, ఉత్తర తీరాన అక్కడక్కడా అంతకు మించి కూడా నమోదైంది. సముద్రం పైకి వస్తున్న దానికన్నా నగరం కిందికి దిగుతున్న వేగం అనేక రెట్లు ఎక్కువ.

కారణం బోరుబావులు. ఒండ్రు మైదానం అడుగున ఇసుక పొరలు, బంకమట్టి పొరలు ఒకదానిపై ఒకటి పరచుకొని ఉంటాయి. ఇసుక పొరల్లోని నీటిని అదే పనిగా తోడివేస్తే, వాటి మధ్యనున్న బంకమట్టిలోని నీరు కూడా వెలికి వచ్చి, ఆ పొర పైబరువుకు అణగిపోతుంది. అలా ఒకసారి అణగిన బంకమట్టి తిరిగి నీరు చేరినా మునుపటి మందానికి రాదు. పైనున్న భారీ కట్టడాల బరువు, ఒండ్రు నేలకు సహజంగా ఉండే కుంగే గుణం దీనికి తోడవుతాయి. వాన నీరు లోపలికి ఇంకే దారి కూడా కాంక్రీటు, తారు కింద మూసుకుపోయింది.

బోర్లు ఎందుకు వేయవలసి వచ్చిందన్నది తదుపరి ప్రశ్న. కుళాయి నీరు అందరికీ అందకపోవడమే అందుకు సమాధానం. డచ్చి కాలంలో వేసిన గొట్టాలు ప్రధానంగా యూరోపియన్ల నివాసాలకు ఉద్దేశించినవి. స్వాతంత్ర్యానంతరం నగరం పెరిగినంత వేగంగా ఆ వ్యవస్థ పెరగలేదు. నగరం గుండా 13 నదులు పారుతున్నా అవి మురుగుతో, పారిశ్రామిక వ్యర్థాలతో నిండి తాగునీటికి పనికిరాకుండా పోయాయి. అందువల్ల నగరపు నీటిలో అత్యధిక భాగాన్ని చితారుమ్ నదిపై ఉన్న జతిలుహుర్ జలాశయం నుంచి సుమారు 70 కిలోమీటర్ల కాలువ ద్వారా తెచ్చుకోవలసి వస్తోంది.

1998లో నగర నీటి సరఫరాను పాతికేళ్ల ఒప్పందాలపై ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. ఫ్రాన్సుకు చెందిన సూయెజ్, బ్రిటన్‌కు చెందిన థేమ్స్ వాటర్ మొదట రంగంలోకి దిగాయి. ఆశించిన విస్తరణ జరగలేదన్న విమర్శలు, న్యాయస్థానాల్లో వ్యాజ్యాలు సాగాయి. ఈ ప్రైవేటీకరణను ముగించాలని 2017లో దేశ సుప్రీంకోర్టు ఆదేశించింది. ఒప్పందాల గడువు ముగిసి 2023 ఫిబ్రవరిలో సరఫరా తిరిగి నగర ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చే నాటికి కుళాయి నీరు అందుతున్నది నగరంలో దాదాపు మూడింట రెండు వంతుల మందికే. మిగిలినవారికి భూగర్భ జలమే దిక్కు. హోటళ్లు, కర్మాగారాలు, వాణిజ్య సముదాయాలు లోతైన బోర్లు వేసుకున్నాయి. పేదవాడలలో తోపుడు బండ్లపై ప్లాస్టిక్ డబ్బాల్లో వచ్చే నీటిని, కుళాయి ఉన్న ఇంటివారు చెల్లించే దానికన్నా ఎన్నో రెట్లు హెచ్చు ధరకు కొనుక్కోక తప్పడం లేదు.

వరదలూ, గోడలూ

నేల కుంగిన కొద్దీ నదులు సముద్రంలోకి పారడం కష్టమవుతుంది. పళ్లెంలా మారిన ప్రాంతంలో చేరిన నీటిని పంపులతో ఎత్తిపోయవలసిందే. 2007 ఫిబ్రవరి వరదల్లో లక్షల మంది నిరాశ్రయులయ్యారు. 2013 జనవరిలో పశ్చిమ వరద కాలువ కరకట్ట తెగి నగర నడిబొడ్డు జలమయమైంది, అధ్యక్ష భవన ప్రాంగణంలోకి కూడా నీరు వచ్చింది. డచ్చి ఇంజనీరు హెర్మన్ వాన్ బ్రీన్ ఆధ్వర్యంలో సుమారు శతాబ్దం క్రితం నిర్మించిన కాలువ అది. 2020 నూతన సంవత్సరాన ఒక్క రోజులో 377 మిల్లీమీటర్ల వర్షం కురిసి, 60 మందికి పైగా మరణించారు. అంతటి వర్షపాతం 1866లో రికార్డులు మొదలైన తరువాత నమోదు కాలేదని వాతావరణ శాఖ ప్రకటించింది.

ఉత్తర తీరంలోని ముయార బారు వద్ద సముద్రానికి, ఇళ్లకు మధ్య కాంక్రీటు గోడ మాత్రమే అడ్డుగా ఉంది. గోడకు అటువైపు నీటి మట్టం ఇటువైపు వీధుల కన్నా ఎత్తున ఉంటుంది. గోడ అవతల సగం మునిగి, వదలివేసిన వలదునా మసీదు జకార్తా దుస్థితికి చిహ్నంగా ప్రపంచ పత్రికల్లో కనిపిస్తూ వచ్చింది.

జకార్తా అఖాతానికి అడ్డంగా భారీ గోడ కట్టాలన్న ప్రతిపాదనను 2014లో డచ్చి నిపుణుల సహకారంతో రూపొందించారు. 2024 అక్టోబరులో అధ్యక్ష బాధ్యతలు స్వీకరించిన ప్రబొవో సుబియాంతో దాన్ని మరింత విస్తరించి, బాంతెన్ నుంచి తూర్పు జావా వరకు సుమారు 500 కిలోమీటర్ల పొడవున గోడ నిర్మించాలని సంకల్పించారు. అంచనా వ్యయం 8,000 కోట్ల డాలర్లు. గోడ లోపల బంధించిన అఖాతంలోకి 13 నదుల మురుగు చేరితే అది పెద్ద మురుగు గుంట అవుతుందని పర్యావరణవేత్తలు హెచ్చరిస్తున్నారు. వేటకు దారి మూసుకుపోతుందని మత్స్యకారుల ఆందోళన. నేల కుంగుబాటు ఆగనంత కాలం ఏ గోడ అయినా దానితో పాటే కుంగుతుందన్నది ఇంజనీర్లు చెబుతున్న మౌలికమైన అభ్యంతరం.

వరద నివారణ పేరిట భారం ఎవరిపై పడుతోందన్నది మరో కోణం. చిలివుంగ్ ఒడ్డున ఉన్న కాంపుంగ్ పూలో నివాసులను 2015లో, బుకిత్ దూరి వారిని 2016లో ఖాళీ చేయించారు. కాంపుంగ్ అంటే పల్లె అని అర్థం. నగరం మింగివేసినా పల్లె తీరు వీడని ఇరుకు వాడలను ఆ పేరుతోనే పిలుస్తారు. పాత రేవుకు సమీపంలోని కాంపుంగ్ అక్వేరియంను కూడా 2016లో కూల్చివేశారు. అయితే అక్కడివారు శిథిలాల మధ్యనే గుడారాలు వేసుకొని పట్టు విడవలేదు. కొత్త నగర పాలకులతో చర్చలు ఫలించి, అదే స్థలంలో అంతస్తుల గృహాలు వెలిసి, 2021లో తొలి కుటుంబాలు తిరిగి చేరాయి. ఖాళీ చేయించడమొక్కటే మార్గం కాదని నిరూపించిన ఉదాహరణగా దీన్ని పట్టణ ప్రణాళికా నిపుణులు పేర్కొంటారు.

రాకపోకల్లో వచ్చిన మార్పు

జకార్తా చేతకాని నగరమని అనుకుంటే పొరపాటు. ఒకప్పుడు ట్రాఫిక్ స్తంభనకు ప్రపంచంలోనే పేరుమోసిన ఈ నగరం 2004లో ప్రత్యేక దారుల్లో నడిచే ట్రాన్స్‌జకార్తా బస్సులను ప్రవేశపెట్టింది. ఆ దారుల నిడివి ఇప్పుడు 250 కిలోమీటర్లకు చేరి ప్రపంచంలోనే పెద్దదిగా గుర్తింపు పొందింది. దశాబ్దాల పాటు కాగితాలపైనే నలిగిన మెట్రో రైలు జపాన్ ఆర్థిక సహాయంతో 2019 మార్చిలో 15.7 కిలోమీటర్ల మేర పట్టాలెక్కింది. జకార్తా, బాండుంగ్ నగరాల మధ్య 142 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 350 కిలోమీటర్ల వేగంతో దాటే రైలు చైనా రుణంతో 2023 అక్టోబరులో మొదలైంది. ఆ రుణభారం ఎవరు మోయాలన్న వివాదమూ దానితోనే మొదలైంది.

గాలి విషయంలో మాత్రం పురోగతి స్వల్పమే. పౌరులు వేసిన వ్యాజ్యంలో 2021 సెప్టెంబరులో జకార్తా కోర్టు, స్వచ్ఛమైన గాలి పొందే హక్కును కాపాడడంలో దేశాధ్యక్షుడు సహా పలువురు అధికారులు నిర్లక్ష్యం వహించారని తీర్పు చెప్పింది. ఒక నగరవాసుల బృందం దేశాధినేతను బోనులో నిలబెట్టి గెలవడం సుహార్తో కాలంలో ఊహకందని విషయం.

నుసంతారా లెక్కలు

2019 ఆగస్టులో నాటి అధ్యక్షుడు జోకో విడోడో బోర్నియో దీవిలోని తూర్పు కాలిమంతాన్‌లో కొత్త రాజధానిని నిర్మిస్తామని ప్రకటించారు. జకార్తాకు వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరంలో, సుమారు రెండున్నర లక్షల హెక్టార్లలో తలపెట్టిన ఆ నగరానికి నుసంతారా అని నామకరణం చేశారు. 2022 ప్రారంభంలో చట్టం చేశారు. వ్యయం 466 లక్షల కోట్ల రూపయ్యలు, అంటే నాటి మారకపు రేటు ప్రకారం 3,000 కోట్ల డాలర్లకు పైమాటే. అందులో ఐదో వంతు మాత్రమే ఖజానా భరిస్తుందని, తక్కినది పెట్టుబడిదారుల నుంచి వస్తుందని ప్రభుత్వం భావించింది. పెట్టుబడులు ఆశించినంతగా రాలేదు. 2024 జూన్‌లో ప్రాధికార సంస్థ అధిపతి, ఉపాధిపతి ఒకేసారి రాజీనామా చేశారు. ఆ ఆగస్టు 17న స్వాతంత్ర్య దినోత్సవాన్ని తొలిసారిగా నుసంతారాలో జరిపినా, జకార్తాలోనూ సమాంతరంగా జరపవలసి వచ్చింది. ప్రబొవో ప్రభుత్వం వచ్చాక కేటాయింపులు తగ్గాయి. 2028 నాటికి నుసంతారా 'రాజకీయ రాజధాని' అవుతుందని 2025లో వెలువడిన ఉత్తర్వు పేర్కొంది. అధ్యక్షుడు తరలింపు ఉత్తర్వుపై సంతకం చేసే వరకు జకార్తా హోదా కొనసాగుతుందని 2024 నాటి జకార్తా చట్టమే చెబుతోంది. రాజధాని నిర్మాణమంటే ఎంత ధనం, ఎంత కాలం, ఎన్ని మలుపులో తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

అంతా అనుకున్నట్లే జరిగినా 2045 నాటికి నుసంతారాలో ఉండగలవారు 19 లక్షల మంది అని ప్రణాళిక చెబుతోంది. జకార్తా మహానగర జనాభాలో అది ఇరవయ్యో వంతు కూడా కాదు. పాకిస్తాన్ రాజధాని 1960లలో ఇస్లామాబాద్‌కు మారినా కరాచీ నీటి ఎద్దడి తీరలేదు. 2005లో మయన్మార్ సైనిక పాలకులు నేపిడాకు తరలిపోయినా యాంగోన్ ఆ దేశపు అతి పెద్ద నగరంగానే మిగిలింది. పాలకులు వెళ్లిపోతే సమస్యలు వారి వెంట వెళ్లవని ఈ ఉదాహరణలు తెలుపుతున్నాయి. పైగా పాలకుల కంటికి దూరమైన నగరానికి నిధుల కేటాయింపులో ప్రాధాన్యం తగ్గే ప్రమాదం కూడా లేకపోలేదు.

టోక్యో నేర్పిన పాఠం

నేల కుంగడం విధిలిఖితం కాదనడానికి, జకార్తా వెనక్కు నెట్టిన టోక్యోయే సాక్ష్యం. ఇరవయ్యో శతాబ్దంలో టోక్యో తూర్పు ప్రాంతాలు నాలుగు మీటర్లకు పైగా కుంగాయి. కారణం అక్కడ కూడా కర్మాగారాలు తోడిన భూగర్భ జలమే. 1950, 60 దశకాల్లో జపాన్ చట్టాలు చేసి బోర్లను కట్టడి చేసింది, పరిశ్రమలకు నదుల నీటిని మళ్లించింది. 1970ల నాటికి కుంగుబాటు దాదాపు ఆగింది. దిగిపోయిన నేల తిరిగి పైకి రాలేదు గాని, దిగడం నిలిచింది. బాంకాక్ కూడా భూగర్భ జలంపై రుసుములు, ఆంక్షలు విధించి, కుళాయి నీటిని విస్తరించి కుంగుబాటు వేగాన్ని గణనీయంగా తగ్గించుకుంది.

ఈ రెండు నగరాలు చేసిన పనిలో రహస్యమేమీ లేదు. ముందు ప్రత్యామ్నాయ నీటిని ఇంటింటికీ, కర్మాగారానికీ చేర్చడం, ఆ పిమ్మట బోర్లను మూసివేయడం. జకార్తా కూడా ఆ దారిన తొలి అడుగులు వేసింది. కొన్ని ప్రాంతాల్లో పెద్ద భవనాలు భూగర్భ జలం తోడరాదన్న నిషేధం 2023 ఆగస్టు నుంచి అమలులోకి వచ్చింది. 2030 నాటికి నగరమంతటికీ కుళాయి నీరు అందించాలన్నది లక్ష్యం. అయితే కుళాయి చేరని ఇంట్లో బోరును మూయించడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. గొట్టాలు వేయడానికి, నదులను శుభ్రం చేయడానికి అయ్యే ఖర్చు భారీ గోడకు, కొత్త రాజధానికి వేసిన అంచనాల ముందు పెద్దది కాదని పట్టణ నీటి నిపుణుల వాదన. కానీ నేలలో పూడ్చిన గొట్టానికి శంకుస్థాపన వైభవం ఉండదు.

జకార్తా క్షేమం మనకూ సంబంధించిన విషయమే. 2022 ఏప్రిల్ చివరన ఇండోనేషియా ప్రభుత్వం పామాయిల్ ఎగుమతులపై విధించిన నిషేధం ఒక నెలలోపే ముగిసినా, భారత్‌లో వంటనూనెల మార్కెట్ కలవరపడింది. మన తూర్పు తీర రేవులకు దిగుమతి అయ్యే బొగ్గులోనూ ఇండోనేషియాది పెద్ద వాటా. 2025 గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథిగా ప్రబొవో రావడం ఈ బంధానికి నిదర్శనం. అంతకన్నా ముఖ్యమైన సంబంధం మరొకటి ఉంది. కుళాయి నీరు చాలక బోర్లపై ఆధారపడే నగరాలు దక్షిణాసియా నిండా ఉన్నాయి. ఢాకా, కోల్‌కతా వంటివి జకార్తా లాగే ఒండ్రు నేలపైనే నిలిచాయి. జకార్తా ఏ దారి పట్టిందో, దాని ఫలితమేమిటో ఈ నగరాల పాలకులు శ్రద్ధగా గమనించవలసి ఉంది.

పూర్ణవర్మ కాలం నాటి కాలువ నుంచి నేటి భారీ గోడ ప్రతిపాదన వరకు ఆ నేలపై పాలించిన వారందరూ నీటికి ఏదో ఒక సమాధానం చెప్పుకొంటూ వచ్చారు. అధ్యక్షుని సింహాసనం జావాలో ఉన్నా, బోర్నియోకు వెళ్లినా, నాలుగు కోట్ల మంది జకార్తా వాసుల భవితవ్యం మాత్రం వారి ఇంటి కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయా రావా అన్న దానిపైనే ఆధారపడి ఉంది.